రిలీఫ్ వాల్వ్ బిగిస్తే సిలిండర్ స్పీడ్ పెరగదు: గుంటూరు బేలింగ్ ప్రెస్సు ప్రశ్నకి నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు నీ మెషిన్ సంగతి చెప్పేస్తా. గుంటూరు దగ్గర జిన్నింగ్ మిల్లులో మిగిలే కాటన్ వేస్ట్‌ని బేళ్ళు కట్టడానికి పైనుంచి కిందికి నొక్కే చిన్న ప్రెస్సు చేయించావు. సిలిండర్ బోరు 100 ఎంఎం, రాడ్డు 56, గేర్ పంపు ఒక్క తిప్పుకి 14 సీసీ, మోటారు 10 హెచ్‌పీ, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసేది) 160 బార్ మీద ఉంది, వాల్వ్ విజయవాడ ఆటోనగర్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 4/3 సోలినాయిడ్ (నాలుగు పోర్టులు, మూడు స్థానాలు, కరెంటు కాయిల్స్‌తో ఆయిల్ దారి మార్చేది), ప్లేటు పడిపోకుండా రాడ్ సైడ్ (పిస్టన్ కింద, రాడ్డు ఉన్న వైపు) లైన్లో పైలట్ చెక్ వాల్వ్ ఒకటి, అంటే పైలట్ అనే ఇంకో లైను నుంచి ప్రెషర్ వస్తేనే ఆయిల్‌ని వెనక్కి వదిలేది. ప్లేటూ దాని ఫ్రేమూ కలిపి 800 కిలోలు. నీ కంప్లైంట్లేమో దిగేటప్పుడు టకటకా కుదుపులు, మధ్యలో ఆపితే జారడం, మొత్తం మీద స్లో, గంట నడిస్తే ట్యాంకు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మీ ఫిట్టర్ రిలీఫ్ వాల్వ్ ఇంకాస్త బిగిద్దాం అంటున్నాడు, ఇంకెవరో ప్రపోర్షనల్ వాల్వ్ పెట్టమన్నారు.

రెండూ వద్దు. నువ్వు చెప్పిన నాలుగింట్లో మూడు ఆ సోలినాయిడ్ వాల్వ్ స్పూలు (లోపల అటూ ఇటూ జరిగి ఆయిల్ దారి మార్చే కడ్డీ) దగ్గర, ఆ పైలట్ చెక్ దగ్గరే తేలతాయని నా గట్టి నమ్మకం. నాలుగోది, అంటే స్లో అన్నది, పంపు లెక్క.

ముందు ఆ రిలీఫ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మన దగ్గర ఏ మెషిన్ స్లో అయినా మొదట స్పానర్ వెళ్ళేది దాని మీదకే. పంపు ప్రెషర్ తయారు చెయ్యదు, పంపు ఆయిల్‌ని తోస్తుంది అంతే, ఆ ఆయిల్ దారికి లోడు ఎంత అడ్డం పడితే ప్రెషర్ అంత లేస్తుంది. స్పీడ్ వచ్చేది నిమిషానికి ఎన్ని లీటర్లు వెళ్తున్నాయి అన్నదాన్ని బట్టి. 14 సీసీ పంపు 1440 ఆర్‌పీఎం మీద ఇచ్చేది 20 లీటర్లు. 100 బోరు సిలిండర్ ఏరియా 78.5 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి కిందికి స్పీడ్ సెకనుకి 4.2 సెంటీమీటర్లు, పైకి వెళ్ళేటప్పుడు రాడ్డు ఏరియా పోగా మిగిలేది 53.9 కాబట్టి 6.2 సెంటీమీటర్లు. రిలీఫ్ 160 మీద ఉన్నా 200 మీద ఉన్నా ఈ లెక్క మారదు. మారేది మోటారు మీద లోడు. బార్‌ని లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, 160 దగ్గర 5.3, పంపు మోటారు నష్టాలు కలుపుకుంటే 6 పైచిలుకు, నీ 10 హెచ్‌పీ మోటారు అంటే 7.5 కిలోవాట్లు కాబట్టి సరిపోతుంది. 200కి బిగిస్తే అదే దాదాపు 7.8 అవుతుంది, అప్పుడు ఓవర్‌లోడ్ రిలే కొట్టేస్తుంది, దాన్ని కూడా పెంచుదాం అంటాడు మీ ఫిట్టర్, ఆఖరికి మోటారు వైండింగ్ కాలుతుంది. పైగా ఆ సిలిండర్ వెల్డింగులు, హోసులు ఎంత ప్రెషర్‌కి చేశారో చూడకుండా రిలీఫ్ పెంచడం మనుషుల ప్రాణాలతో ఆట.

ఒక్క సందర్భంలో రిలీఫ్‌ని అనుమానించొచ్చు. ఖాళీగా దిగేటప్పుడు స్పీడ్ బాగుండి, నొక్కడం మొదలవ్వగానే ఆగిపోతూ గేజి 160కి చాలా కిందే నిలబడిపోతే అప్పుడు రిలీఫ్ సీటులో చెత్త ఇరుక్కుందా, పంపు అరిగి లోపల లీకవుతోందా చూడాలి. అందుకే గేజి లేకుండా ఏదీ తిప్పకు.

ఇప్పుడు అసలు విషయం. ఆ సెకండ్ హ్యాండ్ వాల్వ్ మీద నేమ్ ప్లేటు ఉంటుంది, దాని మీద పక్కపక్కనే మూడు చతురస్రాలు గీసి ఉంటాయి, నడిమి చతురస్రం చూడు. నాలుగు పోర్టులూ మూసేసినట్టు నాలుగు టీ గుర్తులు ఉంటే అది క్లోజ్డ్ సెంటర్ స్పూలు, నీ లక్షణాలు చూస్తే అదే అయ్యుంటుంది. కాయిల్స్ రెండూ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాంట్లో పంపు లైను మూసుకుపోతుంది, కానీ నీది గేర్ పంపు, తిరుగుతున్నంతసేపూ 20 లీటర్లు తోస్తూనే ఉంటుంది, వేరే దారి లేక మొత్తం రిలీఫ్ తెరుచుకుని 160 బార్ నుంచి ట్యాంకులో పడుతుంది. అంటే పని ఏమీ జరగకుండా 5.3 కిలోవాట్లు వేడిగా మారిపోతోంది, వెయ్యి వాట్ల హీటర్ రాడ్లు అయిదు ట్యాంకులో ముంచి వదిలేసినట్టే. నీ ట్యాంకు 100 లీటర్లదైతే, బయటికి పోయే వేడి పక్కన పెడితే, నిమిషానికి రెండు డిగ్రీల దాకా పెరుగుతుంది. నీ ప్రెస్సులో ఎక్కువ టైం పోయేది వేస్ట్ నింపడానికి, వైరు కట్టడానికి, ఆ టైం అంతా ప్లేటు కదలకుండా ఉన్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది కదా. అదీ వేడి కథ. కూలర్ పెట్టించుకోమని ఎవరైనా చెప్తే ముందు ఈ వేడి పుట్టకుండా చెయ్యి, తర్వాత అవసరమైతే కూలర్ సంగతి చూద్దాం.

జారడం కూడా ఇక్కడి నుంచే. స్పూలు అంటే బాడీలో నూనె పొర మీద జరిగే ఉక్కు కడ్డీ, మధ్యలో కొన్ని మైక్రాన్ల గ్యాప్ ఉంటుంది, ఎంత కొత్త వాల్వ్ అయినా కాస్త లీక్ ఉంటుంది, స్పూలు వాల్వ్ లోడుని పట్టుకుంటుంది అని ఎవరూ అనుకోకూడదు. అందుకే పైలట్ చెక్ పెడతాం, దాని కోన్ సీటు మీద కూర్చుంటే చుక్క కూడా పోదు. కానీ అది కూర్చోవాలంటే దాని పైలట్ లైన్లో ప్రెషర్ సున్నాకి పడాలి. నీ పైలట్ వస్తున్నది బోర్ సైడ్ (పిస్టన్ పైన, రాడ్డు లేని వైపు) లైన్ నుంచి, నువ్వు ఆపినప్పుడు ఆ లైను క్లోజ్డ్ సెంటర్లో బందీ అయిపోయింది, పైగా పక్కనే 160 బార్‌తో నిలబడిన పంపు లైను నుంచి ఆ గ్యాప్ గుండా ఆయిల్ దాంట్లోకి కారుతూనే ఉంటుంది. దాంతో చెక్ పూర్తిగా మూసుకోదు, ప్లేటు మెల్లగా దిగుతుంది. దీన్ని తేల్చుకోవడం చాలా తేలిక. ప్లేటు సగంలో ఆపి మోటారు ఆన్‌లో ఉంచి సుద్దముక్కతో గీత పెట్టి చూడు, తర్వాత మోటారు ఆఫ్ చేసి చూడు. ఆన్‌లో జారి ఆఫ్ చేశాక కాసేపటికి నిలబడిపోతే తప్పు స్పూలుదే. మోటారు ఆఫ్‌లో ఉన్నా అదే పనిగా జారుతూ ఉంటే పైలట్ చెక్ సీటులో చెత్త, లేకపోతే పిస్టన్ సీల్. సీల్ అయితే ప్లేటుని పూర్తిగా పైకి లేపి, కింద గట్టి ఇనప దిమ్మెలు పెట్టి, మోటారు ఆపి, బోర్ సైడ్ హోసు విప్పి వాల్వ్ వైపు చివరకి ప్లగ్ బిగించి, మళ్ళీ మోటారు వేసి, దూరంగా నిలబడి పైకి బటన్ ఒక్క క్షణం నొక్కించు, సిలిండర్ బోర్ పోర్టు నుంచి ఆయిల్ ధారగా వస్తుంటే సీల్ పోయినట్టు, మొదట్లో నాలుగు చుక్కలు కారి ఆగితే సీల్ బాగున్నట్టు.

ఇక కుదుపులు. 800 కిలోల బరువు రాడ్డుకి వేలాడుతోంది, ఆ బరువుకి రాడ్ సైడ్‌లో పుట్టే ప్రెషర్ 14.6 బార్. నువ్వు కిందికి బటన్ నొక్కగానే బోర్ సైడ్‌లో ప్రెషర్ లేచి పైలట్ చెక్‌ని తెరుస్తుంది, తెరవగానే ప్లేటు తన బరువుతో పంపు పంపే దానికన్నా ఫాస్టుగా పడుతుంది, దాంతో బోర్ సైడ్ ఖాళీ అయి ప్రెషర్ పడిపోతుంది, పైలట్‌కి ప్రెషర్ లేక చెక్ ఠక్కున మూసుకుంటుంది, ప్లేటు ఆగుతుంది, పంపు మళ్ళీ నింపుతుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. ఇదే సెకనుకి చాలాసార్లు జరుగుతుంటే నీకు టకటకా వినిపిస్తుంది. ఇది సిలిండర్‌లో గాలి కాదు, గైడ్ పట్టేయడం కాదు. పైలట్ చెక్‌కి తెలిసింది రెండే, తెరుచుకోవడం, మూసుకోవడం, మధ్యలో కొంచెం తెరిచి పట్టి ఉంచడం దానికి రాదు. బరువు తనంతట తానే దిగే చోట దాన్ని ఒంటరిగా పెట్టకూడదు.

అక్కడ ఉండాల్సింది కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్. అది స్ప్రింగుతో లోడు ప్రెషర్‌కి ఎదురు నిలబడి, బోర్ సైడ్ నుంచి పైలట్ వచ్చిన మేరకే కొంచెం కొంచెంగా తెరుస్తుంది, ప్లేటు పంపు కన్నా ముందుకి పరిగెత్తబోతే తనే దారి బిగిస్తుంది, కాబట్టి దిగే స్పీడ్ పంపు ఫ్లోకి కట్టుబడి ఉంటుంది. సెట్టింగ్ లోడు ప్రెషర్‌కి 1.3 రెట్లు అంటారు, నీకు 14.6 కాబట్టి 20 బార్ దగ్గర పెట్టు. పైలట్ రేషియో, అంటే పైలట్ ప్రెషర్ ఎన్ని రెట్ల బలంతో వాల్వ్‌ని తెరుస్తుందో ఆ లెక్క, 3:1 లాంటి తక్కువది తీసుకో, ఎక్కువ రేషియోవి కరెంటు కాస్త ఆదా చేస్తాయి గానీ నీలాంటి నిలువు లోడు మీద ఊగుతాయి. రెండు జాగ్రత్తలు. దీన్ని సిలిండర్ పోర్టుకే నేరుగా బిగించు, మధ్యలో హోసు పెట్టావంటే ఆ హోసు తెగిన రోజున వాల్వ్ ఉన్నా లేనట్టే, ప్లేటు కింద చేతులుంటాయి. రెండోది, చాలా కార్ట్రిడ్జి కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్‌లకి స్క్రూ తిప్పే దిశ రిలీఫ్‌కి ఉల్టా, కుడి వైపు బిగిస్తే సెట్టింగ్ తగ్గి లోడు వదిలేస్తుంది. కంపెనీ కేటలాగ్ చూడకుండా, కింద దిమ్మెలు లేకుండా దాన్ని ముట్టుకోనివ్వకు ఎవర్నీ.

ఫ్లో కంట్రోల్ (ఆయిల్ దారిని ఇరుకు చేసి స్పీడ్ తగ్గించే వాల్వ్) పెడితే పోదా అని కూడా అడిగావు. పెట్టొచ్చు, కానీ ఎటు పెడుతున్నావు అన్నదే మొత్తం. బోర్ సైడ్‌లోకి వెళ్ళే ఆయిల్‌ని నొక్కితే ప్లేటు ఆగదు, అది పడుతున్నది బరువుకి, పంపుకి కాదు, కాబట్టి పైన వాక్యూమ్ ఏర్పడి పడుతుంది. రాడ్ సైడ్ నుంచి బయటికొచ్చే ఆయిల్‌ని నొక్కితే ఆగుతుంది, కానీ అప్పుడు బోర్ సైడ్‌లో 160 బార్ నిలబడితే చిన్న ఏరియా ఉన్న రాడ్ సైడ్‌లో అది 1.46 రెట్లు అయి 233, దానికి బరువు తెచ్చిన 14.6 కలిపితే దాదాపు 248 బార్. రిలీఫ్ 160 దగ్గర ఉంది కదా అనుకుంటాం, రాడ్ సైడ్‌ని ఆ రిలీఫ్ చూడదు. అర అంగుళం ఒక వైరు అల్లిక హోసు తట్టుకునేది 160 బార్, రెండు వైర్లదైతే 275. ఆటోనగర్లో హోసు క్రింపు చేయించుకునేటప్పుడు పైన అచ్చు వేసిన రేటింగు చదువుకుని తీసుకో, రంగు, లావు ఒకేలా ఉంటాయి. ఇంకోటి, మామూలు నీడిల్ వాల్వ్‌లో ఫ్లో ప్రెషర్ తేడాని బట్టి మారుతుంది, తేడా నాలుగు రెట్లైతే ఫ్లో రెండు రెట్లవుతుంది, లోడు మారినా స్పీడ్ మారకూడదు అంటే ప్రెషర్ కాంపెన్సేటెడ్ ఫ్లో కంట్రోల్ తీసుకోవాలి. నీ ప్రెస్సుకి కౌంటర్ బ్యాలెన్స్ చాలు.

స్పూలు మార్చాలి అన్నాను, దేనికి మార్చాలి? మధ్యలో ఉన్నప్పుడు నాలుగు పోర్టులూ ట్యాంకుకి కలిసిపోయే ఓపెన్ సెంటర్ స్పూలుకి, గుర్తులో ఇది ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. దీంతో పంపు ఖాళీగా, కొద్ది బార్ల మీద తిరుగుతుంది, వేడి పోతుంది, పైలట్ లైన్లు ట్యాంకుకి ఖాళీ అవుతాయి, జారడం పోతుంది. టాండెమ్ సెంటర్ పెడదాం అనే వాళ్ళుంటారు, దాంట్లో పంపు ఆయిల్ ట్యాంకుకి వెళ్తుంది గానీ సిలిండర్‌కి వెళ్ళే ఎ, బి పోర్టులు మూసుకునే ఉంటాయి, పైలట్ బందీ సమస్య మిగిలే ఉంటుంది. నీది చిన్న వాల్వ్ కాబట్టి కాయిలే స్పూలుని తోస్తుంది, ఇబ్బంది లేదు, పెద్ద మిల్లు ప్రెస్సుల్లో ఉండే ఎన్‌జీ 16 (ఎన్‌జీ అంటే వాల్వ్ సైజు నంబరు) లాంటి పైలట్ ఆపరేటెడ్ వాల్వ్‌లకి అయితే స్పూలు జరపడానికే కొంత ప్రెషర్ కావాలి, హెచ్ స్పూలులో ఆ ప్రెషర్ ఉండదు కాబట్టి 4, 5 బార్ స్ప్రింగు ఉన్న చెక్ వాల్వ్ ఒకటి ట్యాంకు లైన్లోనో పంపు లైన్లోనో వేస్తారు.

ఆగు, ఇక్కడే చాలామంది స్పూలు మార్చేసి ఇంటికెళ్ళిపోతారు, మర్నాడు ఫోన్ వస్తుంది. నువ్వు కడుతున్నది దూది. నొక్కిన దూది పైకి తన్నుతుంది. వైరు కట్టేంతసేపూ ప్లేటు నొక్కి పట్టుకోవాలి, హెచ్ స్పూలు మధ్యకి రాగానే బోర్ సైడ్ ఆయిల్ ట్యాంకులోకి పోయి బేలు ప్లేటుని పైకి ఎత్తేస్తుంది, వైరు కడుతున్నవాడి వేళ్ళు లోపల ఉండగా. కాబట్టి బోర్ సైడ్ లైన్లో కూడా ఒక పైలట్ చెక్ ఉండి తీరాలి. ఇక్కడ పైలట్ చెక్ సరైనదే, ఎందుకంటే పైకి వెళ్ళేటప్పుడు బరువు మనకి ఎదురు కాబట్టి పరిగెత్తే బాధ ఉండదు, బేలు తన్నే ఆ మొదటి క్షణం తప్ప. ఆ క్షణం కోసం డీకంప్రెషన్ రకం తీసుకో, లోపల చిన్న పాపెట్ (సీటు మీద కూర్చునే మూత) ముందు తెరుచుకుని ప్రెషర్ దించుతుంది, తర్వాత పెద్దది తెరుచుకుంటుంది. మామూలుదైతే ఒక్కసారిగా వదిలి పైపులు ఢాం అంటాయి, ఫిట్టింగులు వదులవుతాయి. ఆయిల్ నొక్కుడు పడదు అంటారు గానీ 100 బార్‌కి సుమారు 0.7 శాతం పడుతుంది, నీ సిలిండర్‌లో అది గ్లాసుడు కూడా కాదు, అదే 250 బోరు, మీటరున్నర స్ట్రోకు ఉన్న ప్రెస్సులో 200 బార్ దగ్గర లీటరు ఆయిల్ స్ప్రింగులా బిగుసుకుని ఉంటుంది. 170 కిలోల బేలు కట్టే పెద్ద ప్రెస్సుల పక్కన నిలబడితే ఆ వదిలే దెబ్బ నేలలో తెలుస్తుంది.

ఇప్పుడు స్పీడ్. పెద్ద పంపు ఒక్కటి పెడితే మోటారు కూడా పెద్దది కావాలి, మీటరు బిల్లు నెలనెలా నిన్ను తింటుంది. దూది స్ట్రోకులో ఎక్కువ భాగం ఎదురు తిరగదు, చివర్లోనే గట్టిపడుతుంది, ఇలాంటి పనికి రెండు పంపుల సెటప్ సరిగ్గా సరిపోతుంది. ఒకే షాఫ్టు మీద 40 లీటర్లది, 10 లీటర్లది టాండెమ్ పంపు, 60 బార్ దాకా రెండూ కలిసి సెకనుకి 10.6 సెంటీమీటర్లతో తోస్తాయి, 60 దాటగానే అన్‌లోడింగ్ వాల్వ్ పెద్ద పంపుని ట్యాంకుకి వదిలేస్తుంది, చిన్నది ఒక్కటే 160 దాకా నెమ్మదిగా నొక్కుతుంది. పవర్ చూడు, 50 లీటర్లు 60 బార్ అంటే 5 కిలోవాట్లు, 10 లీటర్లు 160 బార్ అంటే 2.7. అదే 10 హెచ్‌పీ మోటారు. ఒక్కటి మర్చిపోకు, పైకి వెళ్ళేటప్పుడు 50 లీటర్లు లోపలికి పోతే బోర్ సైడ్ నుంచి బయటికొచ్చేది 73 లీటర్లు, నీ ఎన్‌జీ 6 వాల్వ్, రిటర్న్ ఫిల్టరు దానికి ఇరుకు. ఎలాగూ స్పూలు మారుస్తున్నావు కాబట్టి వాల్వ్ ఎన్‌జీ 10కి వెళ్ళిపో. పైలట్ చెక్, కౌంటర్ బ్యాలెన్స్ కూడా ఆ ఫ్లోకి తగినవే తీసుకో.

ప్రపోర్షనల్ వాల్వ్ గురించి. మంచి వస్తువే, 24 వోల్టుల కార్డు ఇచ్చే కరెంటుని బట్టి స్పూలు ఎంత కావాలంటే అంత తెరుస్తుంది, మెల్లగా మొదలై మెల్లగా ఆగాల్సిన చోట, ఒకే సైకిల్లో నాలుగైదు స్పీడ్లు కావాల్సిన చోట దానికి సాటి లేదు. అలాగే లోడ్ సెన్సింగ్ పిస్టన్ పంపు, సర్వో మోటారు మీద తిరిగే పంపు, ఇవి రోజంతా నడిచే ప్లాస్టిక్ మౌల్డింగ్ మెషిన్లలో కరెంటు బిల్లులో తేడా చూపిస్తాయి. నీ బేలుకి ఒక స్పీడ్‌తో దిగి గట్టిగా నొక్కితే చాలు. పైగా ప్రపోర్షనల్‌కి ఆయిల్ చాలా శుభ్రంగా ఉండాలి, జిన్నింగ్ మిల్లులో అది మామూలు పని కాదు.

ఆ శుభ్రత గురించి రెండు మాటలు. నీ ట్యాంకు మూత మీద ఉన్న బ్రీదర్ ఇప్పుడే వెళ్ళి చూడు, దాని జాలీ మీద దూది నూగు తెల్లటి టోపీలా పేరుకుని ఉంటుంది. సిలిండర్ రాడ్డు బయటికి వచ్చిన ప్రతిసారీ ట్యాంకు గాలి పీల్చాలి, దారి లేకపోతే పంపు సక్షన్‌లో ఇబ్బంది వచ్చి గోళీలు తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది, లోపల గేర్లు గుంటలు పడతాయి. స్పిన్-ఆన్ రకం ఎయిర్ ఫిల్టరు పెట్టు, నూగు చీల్చుకుని లోపలికి పోకుండా. కొత్త డ్రమ్ము ఆయిల్ కూడా శుభ్రమని అనుకోకు, ఫిల్టరు గుండానే పొయ్యి. ఆయిల్ గ్రేడు, అంటే చిక్కదనం నంబరు, మన ఎండలకి 68 వాడు, మే నెలలో షెడ్డు లోపల 45 డిగ్రీలు ఉండే చోట 46 గ్రేడు పలచబడిపోయి గేర్ పంపు లోపలి లీకు పెరుగుతుంది, మధ్యాహ్నం స్పీడ్ తగ్గింది అని నువ్వు రాసింది కొంత దానివల్లే. ఆయిల్ 60 దాటకుండా చూసుకో.

ఏ హోసు విప్పే ముందైనా ప్లేటుని దిమ్మెల మీద కూర్చోబెట్టు, మోటారు మెయిన్ ఆఫ్ చెయ్యి, చేత్తో స్పూలు పిన్ను రెండు వైపులా నొక్కి లైన్లలో ప్రెషర్ వదులు, అయినా బోర్ సైడ్ చెక్ వెనకాల ప్రెషర్ ఉండొచ్చు కాబట్టి అక్కడ గేజి పాయింటు ఒకటి వెల్డింగప్పుడే పెట్టించు. లీకు ఎక్కడుందో వేలు పెట్టి వెతకొద్దు, అట్టముక్క పట్టుకుని చూడండి. సన్నటి రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, బయటికి సూది గుచ్చినట్టు చిన్న చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా మొదట ఉండదు, గంటల్లో చెయ్యి పోయే ప్రమాదం. అలా జరిగితే కట్టు కట్టుకుని కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి వెళ్ళిందని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పాలి.

ముందు డబ్బు ఖర్చు లేని పని చెయ్యి. గేజి పెట్టి, ఖాళీగా దిగేటప్పుడు, నొక్కేటప్పుడు, మధ్యలో ఊరికే ఆగి ఉన్నప్పుడు ఎంత చూపిస్తోందో రాసుకో. ఊరికే ఆగి ఉన్నప్పుడు 160 చూపిస్తే నేను చెప్పిందే. ఆ మోటారు ఆన్ ఆఫ్ పరీక్ష కూడా చేసి, వాల్వ్ నేమ్ ప్లేటు ఫోటో దగ్గర నుంచి తీసి పెట్టు, దాని బదులు ఏ స్పూలు కోడ్ అడగాలో చెప్తా, ఆటోనగర్లో షాపు వాడు చేతికిచ్చింది తీసుకుని రాకు.